మీ దుకాణం లోగో ఏ ఫైలులో ఉన్నది?

పిల్లలకు లెక్కలు, భాష చెప్పుకొనే నాకు వ్యాపార చిహ్నాలతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. ఆ పని కల్పించినది మా చెల్లెలు. బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లెలో ఆమె, మరి పదకొండుమంది స్త్రీలు సంఘంగా కూడి చింతపండు, వేరుశనగ చిక్కీ, చట్నీ పొడులు పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. సంఘం పేరులో 'లక్ష్మి' ఉన్నది. ఆరేళ్ళ క్రితం ఒక డీటీపీ అంగడిలో ఆ పేరుకు చక్కని లోగో గీయించుకున్నారు. పైన చింతకాయల గుత్తి, దాని కింద పెద్ద అక్షరాలతో తెలుగులో పేరు, ఇంకా కింద చిన్న అక్షరాలతో కన్నడంలో అదే పేరు.

2024లో కర్ణాటకలో నామఫలకాల చట్టానికి సవరణ వచ్చినది. ఫలకంలో 60 శాతం కన్నడం ఉండాలి, అది పైభాగంలో ఉండాలి. సరిహద్దులో తరతరాలుగా రెండు భాషలతో బ్రతుకుతున్న మనకు ఇందులో కష్టమేమీ లేదు. పై వరుస కిందికి, కింది వరుస పైకి మార్చితే సరిపోతుంది. మా చెల్లెలు అలాగే అనుకొని తాలూకా కేంద్రంలోని ఒక అంగడికి వెళ్ళి ఫోనులో ఉన్న లోగోను చూపినది. ఆ అంగడివాడు, "అమ్మా, ఇది బొమ్మ. దీనిని కదిలించలేము. గీసిన ఫైలు తెండి" అన్నాడు. గీసిన యువకుడు అప్పటికే బెంగళూరు చేరినాడు, ఆయన కంప్యూటరు ఎవరికో అమ్ముడుపోయినది. సంఘం దగ్గర మిగిలినది ఎప్పుడో వాట్సాప్‌లో వచ్చిన ఒక జేపెగ్ బొమ్మ మాత్రమే. అడ్డంగా 300 చుక్కలు, అంతే.

తొందరలో ఆ బొమ్మనే ముక్కలుగా కత్తిరించి, వరుసలు మార్చి అతికించి, 8 అడుగుల ఫ్లెక్సు బోర్డు వేయించినారు. దానితోనే 2,000 స్టిక్కర్లు కూడా అచ్చు వేయించినారు. బోర్డు దించగానే మా చెల్లెలు నాకు ఫోను చేసినది. "అక్కా, మన పేరు మనకే చదవరావడం లేదు" అన్నది. వెళ్ళి చూసినాను. 'క్ష్మి'లో కకారం కింద ష ఒత్తు, మ ఒత్తు కలిసి ఒక నల్లని మచ్చగా మారినవి. ఇంకొక చిత్రం కూడా గమనించినాను. తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్లు ఏటవాలుగా పైకి లేస్తుంది, కన్నడం తలకట్టు అడ్డంగా పరచుకొని ఉంటుంది. 'ల', 'క' వంటి అక్షరాలలో రెండు లిపులకు కంటికి కనిపించే తేడా ముఖ్యంగా అదే. అలుక్కుపోయిన ఆ బోర్డు మీద ఏ వరుస తెలుగో, ఏ వరుస కన్నడమో ఇరు భాషలూ నేర్పే నాకే కొంచెం దూరం నుండి పోల్చుకోవడం కష్టమైనది.

ఇది ఒక్క సంఘం కథ కాదు. మన ఊళ్ళలో చాలా దుకాణాల లోగోలు ఫోనులోని ఫోటోల మధ్య, పెండ్లి బొమ్మల నడుమ ఎక్కడో పడి ఉన్నవి. అందుచేత ఈ విషయాన్ని నేను తెలుసుకున్నంత వరకు విడమరచి చెప్పదలచినాను.

ముందుగా ముగ్గు సంగతి తలచుకోండి. కూతురు పరాయి ఊరినుండి ఫోను చేసి అమ్మను ముగ్గు అడిగితే రెండు విధాలుగా ఇవ్వవచ్చు. వాకిట్లో వేసిన ముగ్గును ఫోటో తీసి పంపడం ఒక విధం. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని చెప్పి, ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో చెప్పడం రెండవ విధం. ఫోటోను పెద్దది చేస్తే పిండి గీత మసకబారుతుంది. చెప్పిన విధానంతో మాత్రం పలక మీద వేసినా, గుడి ముందర వేసినా గీత గీతగానే వస్తుంది. ఒక వరుస మార్చాలన్నా మార్చవచ్చు.

కంప్యూటరులో బొమ్మలు కూడా సరిగ్గా ఈ రెండు జాతులే. ఒకటి చుక్కల బొమ్మ. గళ్ళ కాగితంలో ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు నింపినట్లు ఉంటుంది. ఆ గడినే పిక్సెల్ అంటారు. జేపెగ్, పీఎన్‌జీ, గిఫ్, టిఫ్ ఈ జాతివి. రెండవది గీతల బొమ్మ. ఇక్కడ మొదలై, ఇంత వంపు తిరిగి, అక్కడ ముగిసే గీత, లోపల ఈ రంగు అని లెక్కగా వ్రాసిపెట్టిన ఆజ్ఞల పట్టిక అది. దీనిని వెక్టర్ అంటారు. ఎస్‌వీజీ, ఈపీఎస్, కోరెల్‌డ్రా వారి సీడీఆర్, ఇలస్ట్రేటర్ వారి ఏఐ ఈ జాతివి. పీడీఎఫ్ రెండింటినీ తనలో ఇముడ్చుకోగలదు. దీని గడుసుతనం గురించి తరువాత చెబుతాను.

లోగోకు మూలం ఎప్పుడూ గీతల బొమ్మగానే ఉండాలి. చుక్కల బొమ్మలన్నీ దానినుండి అవసరం వచ్చినప్పుడు తీసుకొనే నకళ్ళు. నకలు నుండి మూలాన్ని రాబట్టడం మాత్రం చాలా కష్టం.

మా చెల్లెలి బోర్డు లెక్క వేసి చూడండి. 8 అడుగులంటే 96 అంగుళాలు. 300 చుక్కలను 96 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి మూడు చుక్కలు మాత్రమే వస్తాయి. అనగా ఒక్కొక్క చుక్క 8 మిల్లీమీటర్లు, ఇంచుమించు ఒక వేరుశనగ గింజంత. గింజలు పేర్చి 'క్ష్మి' వ్రాయమంటే ఎంత బాగా వస్తుందో అంత బాగా వచ్చినది. అచ్చుకు సాధారణంగా అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. రెండున్నర అంగుళాల స్టిక్కరు మీదకు 750 చుక్కలు ఉండాలి. వారివద్ద ఉన్నవి 300. దూరం నుండి చూసే ఫ్లెక్సుకు అంగుళానికి 72 నుండి 100 చుక్కలు చాలు. కాని 96 అంగుళాలకు 72 చొప్పున వేసినా దాదాపు 6,900 చుక్కలు. ఫ్లెక్సు అంగడివారు "జేపెగ్ తెండి చాలు" అనడంలో తప్పు లేదు. కాని అది ఆ కొలతకు తగినట్లు మూలం నుండి తీసిన జేపెగ్ కావాలి.

ఇక జేపెగ్ స్వభావం. 1992లో ప్రమాణంగా నిలిచిన ఈ పద్ధతి ఫోటోల కోసం పుట్టినది. బొమ్మను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల చిన్న చిన్న చౌకాలుగా విడగొట్టి, ఒక్కొక్క చౌకంలో కంటికి అంతగా తెలియని సూక్ష్మమైన మార్పులను వదిలివేసి ఫైలును చిన్నది చేస్తుంది. రంగుల వివరాన్ని మరికొంత తగ్గిస్తుంది. ముఖం, ఆకాశం, పొలం వంటి వాటిలో రంగు మెల్లగా మారుతుంది కనుక ఈ నష్టం మనకు తెలియదు. తెల్లని నేల మీద ఎర్రని అక్షరం అయితే మార్పు మెల్లనిది కాదు, కత్తితో కోసినట్లు ఉంటుంది. అక్కడ జేపెగ్ తడబడి అక్షరం చుట్టూ దుమ్మువంటి నలుసులు చల్లుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నిటారు గీతలు కనుక కొంత తట్టుకుంటాయి. మన అక్షరాలు గుండ్రనివి, లోపల సందులు సన్ననివి, కింద ఒత్తులు మరీ చిన్నవి. 300 చుక్కల బొమ్మలో మ ఒత్తుకు నిలువున దక్కేవి నాలుగైదు చుక్కలే. అందులోనే నలుసులు పడితే ఇక చదివేది ఏమున్నది?

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చాలి. జేపెగ్ ఫైలును ఒక పెన్‌డ్రైవు నుండి మరొక దానికి నకలు చేసినంత మాత్రాన ఏమీ పాడుకాదు. తెరచి, మార్పు చేసి, మళ్ళీ జేపెగ్‌గా భద్రపరచిన ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు కూడా అది బొమ్మను చిన్నది చేసి మళ్ళీ కుదిస్తుంది. ఆరేళ్ళలో సంఘం లోగో ఎన్ని ఫోనులు దాటి వచ్చినదో ఎవరికి తెలుసు? వాట్సాప్‌లోనే పంపవలసి వస్తే ఫోటోగా కాక 'డాక్యుమెంట్'గా పంపండి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్లుగా చేరుతుంది.

జేపెగ్‌కు మరొక లోపం, దానికి పారదర్శకత లేదు. పసుపు సంచి మీద లోగో వేస్తే చుట్టూ తెల్లని పెట్టె కూడా వచ్చి, చిరుగుకు మాసిక వేసినట్లు కనిపిస్తుంది. ఈ చిక్కు పీఎన్‌జీలో లేదు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చిన గిఫ్ అనే ఫార్మాట్‌లో కుదింపు పద్ధతికి యునిసిస్ సంస్థ పేటెంటు ఉండేది. రుసుము చెల్లించాలని వారు 1994 చివర ప్రకటించినందున కంప్యూటరు నిపుణులు కోపించి 1995లో పీఎన్‌జీని తయారుచేయ పూనుకున్నారు. 1996 అక్టోబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దానిని ఆమోదించినది. పీఎన్‌జీ ఫైలును కుదించినా ఒక్క చుక్కను కూడా పోనివ్వదు. నేల భాగాన్ని పూర్తిగా పారదర్శకంగా ఉంచవచ్చు. రంగులు తక్కువగా ఉన్న లోగోలకు తరచుగా జేపెగ్ కంటే చిన్న ఫైలే అవుతుంది. గిఫ్‌కు 256 రంగులే గనుక కదిలే బొమ్మలకు తప్ప లోగోలకు ఇప్పుడు దానితో పనిలేదు. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ అంతర్జాలంలో తేలికగా ఉంటుంది గాని, మన ఊరి అచ్చు అంగడిలో దానిని తెరవమంటే తెల్లమొగం వేస్తారు.

అయితే పీఎన్‌జీకి కూడా ఎల్ల ఉన్నది. అదీ చుక్కల బొమ్మే. చిన్న పీఎన్‌జీని పెద్దది చేస్తే నలుసులు ఉండవు గాని మసక తప్పదు. పైగా అది తెర రంగులనే ఎరుగును, అచ్చు సిరాల లెక్క దానికి లేదు. ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగు చూపుతుంది. ఆఫ్‌సెట్ యంత్రం సియాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలతో రంగు పుట్టిస్తుంది. తెరమీద మెరిసే లేత ఆకుపచ్చ కాగితం మీద మందగించడానికి ఇదే కారణం. అందుచేత ఫోనులో చూసి రంగు ఒప్పుకోకండి. మీ ఎరుపు ఎంత మెజెంటా, ఎంత పసుపు అన్నది అంకెలలో వ్రాయించుకొని ఒక కాగితం ముక్క మీద అచ్చు తీయించి దాచుకోండి. ప్రతి అచ్చులోను అదే ఎరుపు వచ్చేందుకు ఆ ముక్కే సాక్ష్యం. చిన్న అక్షరాలను నాలుగు సిరాల కలయికతో కాక ఒక్క నలుపు సిరాతోనే వేయించాలని కూడా చెప్పండి. నాలుగు అచ్చులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగితే మొదట చెడేది ఒత్తులే.

ఇప్పుడు గీతల ఫైళ్ళు. ఎస్‌వీజీకి 2001లో అదే కన్సార్టియం ఆమోదం దొరికినది. ఇది ఎవరి సొత్తూ కాని బహిరంగ ప్రమాణం. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆజ్ఞలన్నీ అక్షరాలలో కనిపిస్తాయి. బ్రౌజరులో నేరుగా బొమ్మగా తెరచుకుంటుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేరు తన ఫైళ్ళను ఈ ఫార్మాట్‌లోనే భద్రపరుస్తుంది. పాత అచ్చు కార్యాలయాలకు ఈపీఎస్ అలవాటు. మన ప్రాంతపు డీటీపీ అంగళ్ళలో మాత్రం కోరెల్‌డ్రాదే రాజ్యం, కనుక సీడీఆర్ ఇస్తారు. తీసుకోండి. కాని అదొక్కటే తీసుకొని తృప్తిపడకండి. కొత్త వెర్షన్‌లో భద్రపరచిన సీడీఆర్ పాత వెర్షన్‌లో తెరచుకోదు. కోరెల్‌డ్రా లేని కంప్యూటరులో మీరే చూసుకోవడం కష్టం కావచ్చు. అచ్చుకు ఇవ్వడానికి పీడీఎఫ్ అన్నిటికంటే అనుకూలం. 1993లో అడోబీ సంస్థ తెచ్చిన ఆ ఫార్మాట్ 2008లో అంతర్జాతీయ ప్రమాణం అయినది. ఏ ఊరిలోనైనా తెరచుకుంటుంది, అచ్చు సిరాల లెక్కను కూడా నిలుపుకుంటుంది.

పీడీఎఫ్ గడుసుతనం గురించి చెబుతానన్నాను. జేపెగ్ బొమ్మను తీసుకొని పీడీఎఫ్‌గా భద్రపరచితే అది గీతల బొమ్మ కాదు. ముగ్గు ఫోటోను కవరులో పెట్టినట్లు మాత్రమే. ఈపీఎస్‌లోను, సీడీఆర్‌లోను, చివరకు ఎస్‌వీజీలోను ఇలా ఫోటోను దాచవచ్చు. ఫైలు పేరు చివరి మూడక్షరాలను నమ్మకండి. పరీక్ష సులభం. కంప్యూటరులో పీడీఎఫ్ తెరచి, అది ఒప్పుకున్నంత వరకు పెద్దది చేసి, ఒత్తు అంచును చూడండి. అంచు నునుపుగా, పదునుగా ఉంటే గీత. మెట్లు మెట్లుగా గాని, మసకగా గాని కనిపిస్తే చుక్కలు. డబ్బు చెల్లించక ముందే, ఆ అంగడిలోనే ఈ పరీక్ష చేయండి. ఇంటికి వచ్చి చూసి లాభం లేదు.

జేపెగ్‌ను గీతలుగా మార్చే యంత్ర సాధనాలు కూడా ఉన్నవి. ఒక నొక్కుతో 'ట్రేస్' చేస్తామంటారు. పెద్ద, స్పష్టమైన బొమ్మ అయితే చింతకాయ వంటి ఆకారాలకు పనికివస్తుంది. మసక బొమ్మలోని తెలుగు అక్షరాలకు మాత్రం అది చేసే ఉపకారం ఏమిటంటే, మచ్చను మచ్చగానే పదునైన గీతతో గీసి ఇస్తుంది.

తెలుగువారికి, అందులోను సరిహద్దు తెలుగువారికి, అసలు ప్రమాదం మరొకటి ఉన్నది. గీతల ఫైలు చేతికి వచ్చినా అందులో పేరు 'అక్షరాలు'గా ఉండిపోతే అది ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే సరిగా కనిపిస్తుంది. మన డీటీపీ అంగళ్ళలో ఎక్కువగా అను ఫాంట్లు వాడినారు. అవి యూనికోడ్ పుట్టి వ్యాపించక మునుపటి పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను కూర్చుకొని పనిచేస్తాయి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కన్నడం పాత ఫాంట్లకు కూడా ఇదే వ్యాధి. ఇప్పుడు ఆలోచించండి. తెలుగు ఫాంటు ఉన్న అంగడి హిందూపురంలో, కన్నడం ఫాంటు ఉన్న అంగడి చిక్కబళ్ళాపురంలో. రెండు లిపుల లోగో ఎక్కడ తెరచినా సగం చెడుతుంది. తమిళనాడులో హోసూరు వారికి, ఒడిశాలో బరంపురం వారికి, రాయగడ వారికి కూడా ఈ కష్టం తప్పదు. లిపుల పేర్లు మారుతాయి, అంతే.

దీనికి మందు ఉన్నది. లోగో పూర్తి అయిన తరువాత అక్షరాలను కూడా గీతలుగా మార్చివేయాలి. కోరెల్‌డ్రాలో దీనిని 'కన్వర్ట్ టు కర్వ్స్' అంటారు. ఇలస్ట్రేటర్‌లో 'క్రియేట్ అవుట్‌లైన్స్', ఇంక్‌స్కేప్‌లో 'ఆబ్జెక్ట్ టు పాత్'. అప్పుడు 'క్ష్మి' అక్షరం కాదు, చింతకాయ వలె అదీ ఒక బొమ్మే. ఏ ఫాంటూ అవసరం లేదు, ఏ రాష్ట్రంలో తెరచినా ఒకే విధంగా కనిపిస్తుంది. అంతర్జాలంలో పెట్టే ఎస్‌వీజీకి కూడా ఇదే నియమం, లేకపోతే చూసేవారి ఫోనులో ఉన్న ఏదో ఒక ఫాంటు మీ పేరును ఆక్రమిస్తుంది. అయితే గీతలుగా మార్చిన పేరులో అక్షర దోషం ఉంటే దిద్దలేరు. కనుక మార్చక మునుపటి ప్రతిని ఒకటి వేరుగా దాచి, ఏ ఫాంటు వాడినారో దాని పేరు కాగితం మీద వ్రాసుకోవాలి. మార్చిన తరువాత ఒత్తులు, దీర్ఘాలు, సున్నలు అన్నీ ఒకసారి చదవాలి. పరీక్ష పత్రాలు దిద్దే అలవాటున్న నా కంటికి కూడా ఒకసారి ఒక దీర్ఘం తప్పిపోయినది, చెల్లెలే పట్టుకున్నది.

కొత్తగా లోగో చేయించుకొనేవారు యూనికోడ్ ఫాంట్లే వాడమని అడగండి. సిలికానాంధ్ర వారి చొరవతో వచ్చిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితంగా ఉన్నవి. వాటి అనుమతి పత్రం ప్రకారం వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. లోగోకు లావైన ఫాంటు అందంగా ఉంటుందని చాలామంది భావిస్తారు. బోర్డు మీద నిజమే. స్టిక్కరు మీద మాత్రం లావు అక్షరాల లోపలి సందులు మూసుకుపోతాయి. మీ పేరులో జంట ఒత్తులుంటే మధ్యరకం లావు చాలునని నా అభిప్రాయం.

బిల్లు యంత్రం సంగతి కూడా ఒక మాట. దుకాణాలలో 58 మిల్లీమీటర్ల కాగితం మీద వేడితో అచ్చు వేసే చిన్న యంత్రాలు ఉంటాయి. వాటికి సాధారణంగా అడ్డంగా 384 చుక్కలే, రంగు నలుపొక్కటే, బూడిద రంగు కూడా లేదు. నాలుగు రంగుల లోగోను దానిలో వేస్తే బొగ్గు రాసినట్లు వస్తుంది. రబ్బరు ముద్రకు, సంచుల మీద స్క్రీన్ ప్రింటింగుకు కూడా ఇదే సంగతి, రంగు పెరిగిన కొద్దీ స్క్రీను పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే లోగో గీయించే రోజుననే ఒక్క నలుపులో ఒక రూపం, ముదురు నేల మీద వేయడానికి పూర్తి తెలుపులో ఒక రూపం చేయించుకోండి. వాట్సాప్ బిజినెస్ ఖాతాలో బొమ్మను గుండ్రంగా కత్తిరిస్తుంది కనుక పేరు లేకుండా ఉత్త చింతకాయ గుర్తు ఒకటి చదరంగా ఉంటే మంచిది. పొడవాటి పేరును ఆ గుండ్రంలో ఇరికించితే మొదటి అక్షరమూ చివరి అక్షరమూ తెగిపోతాయి.

ట్రేడ్‌మార్కు నమోదు చేయించదలచినవారికి కొన్ని వివరాలు. అక్కడ మాత్రం జేపెగ్ కావాలి, ఆన్‌లైనులో టీఎం-ఏ దరఖాస్తుకు చిహ్నాన్ని ఆ రూపంలో జతచేస్తారు. 2017 నాటి నియమాల ప్రకారం చిహ్నం 8 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు దాటకూడదు. అచ్చు లెక్కన అది సుమారు 945 చుక్కలు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైను రుసుము ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు. మనకు ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. హిందీ, ఇంగ్లీషు కాని లిపిలో పదాలుంటే వాటి ఉచ్చారణను, అర్థాన్ని ఇంగ్లీషులో గాని హిందీలో గాని వ్రాసి, అది ఏ భాషో తెలుపవలసి ఉంటుంది. తెలుగు, కన్నడం రెండూ ఉన్న లోగోకు రెండింటికీ వ్రాయాలి. బొమ్మ మసకగా ఉండి ఏ లిపియో పోల్చుకోలేకుంటే ఆ కార్యాలయంవారు ఏమని వ్రాసుకుంటారు?

చివరకు మా చెల్లెలి సంఘం లోగో ఏమైనదో చెప్పాలి. అదృష్టవశాత్తు మొదటి సంవత్సరం అచ్చు వేసిన స్టిక్కరు ఒకటి సంఘం ఖాతా పుస్తకం అట్ట మీద అతికించి ఉన్నది. దానిని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాను చేసినాము. కళాశాలలో చదువుతున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంక్‌స్కేప్‌లో ఆ స్కానును అడుగున పెట్టుకొని, చింతకాయలను గీత గీతగా మళ్ళీ గీసినాడు. పేరును ఉచిత ఫాంటులో కొత్తగా కూర్చినాము. "టీచరమ్మా, ఒత్తు కొంచెం కిందికి దించనా?" అని వాడు అడిగితే, దించి, చిన్న అచ్చు తీసి చూసి, మళ్ళీ కొంత పెద్దది చేయించినాను. రెండు సాయంత్రాలు పట్టినది. తరువాత అక్షరాలను గీతలుగా మార్చి, కన్నడం పైన తెలుగు కింద ఉన్న రూపం ఒకటి, తెలుగు పైన ఉన్న రూపం ఒకటి తీసినాము. మొదటిది ఇక్కడి బోర్డుకు, రెండవది హిందూపురం వైపు అమ్మే పొట్లాలకు.

ఇప్పుడు సంఘం దగ్గర ఒక ఫోల్డరు ఉన్నది. అందులో అక్షరాలు అక్షరాలుగానే ఉన్న ఎస్‌వీజీ ఒకటి, గీతలుగా మార్చిన ఎస్‌వీజీ, పీడీఎఫ్ ఒక్కొక్కటి, పారదర్శకమైన పెద్ద పీఎన్‌జీ ఒకటి, నలుపు రూపం, తెలుపు రూపం, బిల్లు యంత్రానికి 384 చుక్కల బొమ్మ ఉన్నవి. ఇంక్‌స్కేప్ తెర రంగులతోనే పనిచేస్తుంది కనుక అచ్చు సిరాల అంకెలను వేరే కాగితం మీద వ్రాసి, అచ్చుకు ఇచ్చేటప్పుడు ఆ కాగితం కూడా ఇస్తున్నారు. ఫోల్డరు ప్రతి ఒకటి పెన్‌డ్రైవులో సంఘం బీరువాలో, ఒకటి సంఘం ఈమెయిలులో, ఒకటి నా దగ్గర ఉన్నది. అంగడివారికి ఇచ్చేది ఎప్పుడూ ప్రతి మాత్రమే. కొత్త అంగడివారు ఎవరైనా మార్పు చేస్తే, మార్చిన ఫైలు చేతికి ఇచ్చిన తరువాతనే డబ్బు చెల్లించాలని సంఘం పుస్తకంలో తీర్మానం కూడా వ్రాసుకున్నారు.

కొత్త బోర్డు వేయించినారు. పాత 2,000 స్టిక్కర్లలో మిగిలినవాటిని మా చెల్లెలు పారవేయనివ్వలేదు. వెనుకవైపు తెల్లగా ఉన్నదని లెక్కలు వ్రాసుకొంటున్నది.